నలభై నాలుగో ఏడు

కొలంబియా కొండల్లో ఒక వంశం ఉంది. అందులో కొందరికి మతిమరుపు ఏ వయసులో మొదలవుతుందో వైద్యులు ముందే లెక్కకట్టగలరు. ఆ లెక్క తేలడానికి దశాబ్దాలు పట్టింది. ఆ లెక్కకు లొంగకుండా ఒక స్త్రీ డెబ్బై ఏళ్లు దాటేదాకా బతికి చూపించింది.

(ఈ గాథలో వైద్యుల పేర్లు, తేదీలు, అంకెలు ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం. పేర్లు లేని కుటుంబ సభ్యుల సంభాషణలు మాత్రం, ఆ ఇళ్లలో తరతరాలుగా జరిగిన తీరును బట్టి మళ్లీ కూర్చినవి.)

మూడుసార్లు అడిగిన మాట

"ఆవులకు మేత వేశావా అమ్మా?"

"వేశాను నాన్నా."

తండ్రి మొక్కజొన్న రొట్టె తుంచుకుని కాఫీలో ముంచాడు. బయట కొండ మీద పొగమంచు ఇంకా విడలేదు. యారుమల్ ఊరు సముద్ర మట్టానికి రెండు వేల మీటర్ల కంటే ఎత్తున ఉంటుంది. అక్కడ పొద్దు పొడవడం, ఎండ రావడం రెండూ ఒకటి కాదు.

"ఆవులకు మేత వేశావా?"

"ఇప్పుడే చెప్పాను కదా నాన్నా, వేశానని."

"ఆ, చెప్పావు."

కాఫీ అయిపోయింది. టోపీ పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు.

"ఆవులకు మేత..."

కూతురు నవ్వబోయింది. పొయ్యి దగ్గరున్న తల్లి ముఖం చూసి ఆగిపోయింది. తల్లి చేతిలోని గరిటె కదలడం లేదు.

ఆయన గేటు దాటి కనుమరుగయ్యాక ఆమె నోరు విప్పింది.

"మీ తాతకు కూడా ఇలాగే మొదలైంది."

"నాన్న అలిసిపోయి ఉన్నారమ్మా. నిన్నంతా పాలు మోశారు."

"మీ పెద్దనాన్న విషయంలో నేనూ అదే అనుకున్నాను తల్లీ. అలిసిపోయారనే అనుకున్నాను."

ఆ తండ్రికి నలభై ఐదేళ్లు. మతిమరుపు వచ్చే వయసు కాదు. కానీ ఆంతియోకియా రాష్ట్రంలోని ఆ కొండ పల్లెల్లో కొన్ని ఇంటిపేర్ల వాళ్లకు అదే వయసు. తరువాత ఏం జరుగుతుందో ఇంట్లో అందరికీ తెలుసు. మొదట అడిగిందే అడుగుతారు. తలనొప్పి అంటారు. చిన్నదానికీ కోపం తెచ్చుకుంటారు. ఆపైన మాటలు దొరకవు, తెలిసిన దారి తప్పుతారు, కన్నబిడ్డ ఎవరని అడుగుతారు. చివరికి నడక పోతుంది, మూర్ఛలు వస్తాయి, మంచం పడతారు. అరవై రాకుండానే పోతారు.

ఊరివాళ్లు దాన్ని లా బొబేరా అన్నారు. వెర్రి అని దాని అర్థం. ఎందుకొస్తుందో చెప్పడానికి కథలు పుట్టాయి. ఎవరో పూర్వీకుడు గుడి సొమ్ము దొంగిలిస్తే పూజారి శపించాడని కొందరు చెప్పేవారు. ఏదో మంత్రించిన చెట్టును తాకితే వస్తుందని మరికొందరు. కారణం తెలియనప్పుడు ఊరు శాపాన్ని వెతుక్కుంటుంది. ఆ శాపం మోసే ఇళ్లు సిగ్గుతో తలుపులు మూసుకుంటాయి.

ఆ తలుపు తట్టడానికి ఒక వైద్యుడు రావాల్సి వచ్చింది.

తండ్రికి, తాతకు కూడా

1980ల తొలినాళ్లు. ఫ్రాన్సిస్కో లోపేరా అప్పటికి నాడీవ్యాధుల విభాగంలో శిక్షణలో ఉన్న యువ వైద్యుడు. 1951లో ఆంతియోకియాలోనే పుట్టి, యారుమల్ ప్రాంతంలో పెరిగినవాడు. మెడెలిన్ నగరంలో ఆయన ముందుకు బెల్మీరా అనే ఊరి నుంచి ఒక రోగి వచ్చాడు. రైతు. వయసు 47. జ్ఞాపకం పోతోంది.

పాఠ్యపుస్తకం ప్రకారం ఆ వయసులో అది అరుదు. మరో వైద్యుడైతే మందేదో రాసి పంపేసేవాడు. లోపేరా కుటుంబం గురించి అడిగాడు. తండ్రికి ఇదే వచ్చింది. తాతకు కూడా. తోడబుట్టినవాళ్లలోనూ ఉంది.

ఆయన కాగితం మీద గీతలు గీయడం మొదలుపెట్టాడు. మగవారికి చదరం, ఆడవారికి వృత్తం, జబ్బు వచ్చినవారికి నల్లరంగు. బెల్మీరా కుటుంబం గురించి 1987లో ఆయన బృందం తొలి నివేదిక ప్రచురించింది. ఆ తరువాత మరో ఊరి నుంచి మరో కుటుంబం, ఇంకో ఊరి నుంచి ఇంకొకటి. అంగొస్తూరా, యారుమల్ వంటి ఊళ్ల పేర్లు ఆ పటంలో చేరుతూ వచ్చాయి. వేరువేరనుకున్న కుటుంబాలు వెనక్కి వెళ్లేకొద్దీ ఒకే కొమ్మకు చేరుతున్నాయి.

ఆ వెనక్కి వెళ్లే పనిని భుజానికెత్తుకున్నది లూసియా మాద్రిగల్ అనే నర్సు. చర్చిల్లో భద్రపరిచిన పుట్టుకల, పెళ్లిళ్ల, చావుల దస్తావేజులు తిరగేసింది. ముసలివాళ్ల దగ్గర కూర్చుని ఎవరికి ఎవరేమవుతారో రాసుకుంది. ఆమె గీసిన వంశవృక్షం 18వ శతాబ్దం దాకా వెళ్లింది. చివరికి అందులో చేరినవారు దాదాపు 6,000 మంది. ఒకే జన్యులోపం వల్ల అల్జీమర్స్ వచ్చే కుటుంబాల్లో ప్రపంచంలోకెల్లా పెద్దది ఇదేనని తేలింది.

ఇదంతా ప్రశాంతమైన కాలంలో జరిగిన పని కాదు. ఆ రోజుల్లో మెడెలిన్ అంటే కొకైన్ ముఠాల రాజధాని. కొండదారుల్లో ఒకవైపు గెరిల్లాలు, మరోవైపు సాయుధ దళాలు. ఒకసారి లూసియానే గెరిల్లాలు పట్టుకుపోయారు. విడిచిపెట్టాక ఆమె మళ్లీ ఆ పనిలోకే వచ్చింది.

ఇంకో కష్టం ఉంది. అప్పట్లో అల్జీమర్స్ అని గట్టిగా చెప్పాలంటే మెదడును సూక్ష్మదర్శిని కింద చూడాలి. అంటే మనిషి పోయిన కొద్ది గంటల్లోనే మెదడు తీయాలి. శవం ఇంట్లో ఉండగా, ఏడుస్తున్న భార్యాబిడ్డలను ఆ మాట అడగాలి. ఆ అడగడం వెనుక ఎన్నో ఏళ్ల పరిచయం ఉండాలి. లోపేరా బృందం వాళ్ల పెళ్లిళ్లకు వెళ్లింది, చావులకు వెళ్లింది. కుటుంబాలు ఒప్పుకున్నాయి. మెడెలిన్‌లోని మెదళ్ల భాండాగారంలో ఈనాడు వందల మెదళ్లు ఉన్నాయంటే ఆ ఒప్పుకోళ్ల వల్లే.

బొమ్మా, బొరుసా

1992లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి కెన్నెత్ కోసిక్ అనే శాస్త్రవేత్త ఉపన్యాసం ఇవ్వడానికి కొలంబియా వచ్చాడు. సభ అయ్యాక లోపేరా ఆయనను కలిసి తన వంశవృక్షం సంగతి చెప్పాడు. తరానికి తరం సగం మందికి జబ్బు వస్తోందంటే దాని వెనుక ఒకే ఒక్క జన్యువు ఉండాలని ఇద్దరికీ అర్థమైంది. వేట మొదలైంది.

1995లో జన్యువు దొరికింది. 14వ క్రోమోజోమ్ మీద ప్రెసెనిలిన్-1. ఆ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌లో 280వ స్థానంలో గ్లుటమిక్ ఆమ్లం ఉండాలి. ఈ వంశంలో కొందరికి అక్కడ అలనిన్ ఉంది. ఒక్క అక్షరం తప్పు. ఆ ఒక్క తప్పుతో మెదడులో అమైలాయిడ్ అనే జిగురు పదార్థం పేరుకుపోవడం మొదలవుతుంది. నాడీకణాల బయట గడ్డలు కడుతుంది. కాలక్రమంలో కణాల లోపల టౌ అనే మరో ప్రోటీన్ చిక్కుముడులు పడుతుంది. కణాలు చచ్చిపోతాయి.

తల్లికో తండ్రికో ఆ తప్పున్న జన్యువు ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సరిగ్గా సగం. నాణెం ఎగరేసినట్టే. ఆడా మగా తేడా లేదు, పెద్దా చిన్నా తేడా లేదు. వచ్చినవాళ్లకు జబ్బు దాదాపు ఖాయం.

శాపం కాదని తేలింది. చెట్టు కాదని తేలింది. ఆ ఇళ్ల సిగ్గు కొంత తీరింది. కానీ దాని వెనకే కొత్త బరువొకటి వచ్చిపడింది. ఇక రక్తపు బొట్టు పరీక్షించి, పద్దెనిమిదేళ్ల పిల్లవాడి నడివయసు ఎలా ఉంటుందో చెప్పవచ్చు.

పది పదాలు

మెడెలిన్‌లో పరీక్ష గది. బల్లకు అటు మనస్తత్వ నిపుణురాలు, ఇటు ముప్ఫై ఎనిమిదేళ్ల స్త్రీ. పొద్దున్నే బస్సెక్కి కొండ దిగి వచ్చింది. చేతిసంచి ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుంది.

"పది పదాలు చూపిస్తాను. ఒక్కొక్కటీ పైకి చదవండి. తరువాత గుర్తున్నవి చెప్పండి. తొందర లేదు."

పదాలు చూపించింది. మూడుసార్లు చదివించింది. తరువాత బొమ్మలు గీయించింది, వెనక్కి లెక్కపెట్టించింది, జంతువుల పేర్లు చెప్పించింది. కాసేపయ్యాక మళ్లీ అడిగింది.

"ఇందాకటి పదాలు ఎన్ని గుర్తున్నాయో చెప్పండి."

"గంట... నది... రొట్టె..." ఆమె కిటికీ వైపు చూసింది. "ఇంకొకటి ఉంది. నోటి దాకా వస్తోంది."

"పరవాలేదు."

"నాలుగు చెప్పానా?"

"ఎన్నని ఇప్పుడు ఆలోచించకండి."

"ఈమధ్య ఇంట్లో కూడా ఇంతే డాక్టరమ్మా. పెట్టిన వస్తువు కనబడదు. పిల్లలను పిలవబోయి తమ్ముడి పేరు పిలుస్తాను. అందరికీ అవుతుంది కదా?"

"అవుతుంది. పని ఒత్తిడిలో నాకూ అవుతుంది."

"మా అమ్మకు నలభై ఆరులో మొదలైంది. ఒక్క మాట చెప్పండి. నాకు ఉందా?"

"నాకు తెలియదమ్మా. మీ రక్తపరీక్ష ఏం చెప్పిందో ఈ గదిలో ఎవరికీ తెలియదు. తెలిస్తే నేను పరీక్ష సరిగ్గా పెట్టలేను."

ఆ జవాబు నిజం. ఎవరికి జన్యువు ఉందో పరీక్ష చేసేవాళ్లకు చెప్పేవారు కాదు. దశాబ్దాలపాటు ఈ వంశంలో అత్యధికులకు కూడా చెప్పలేదు. మందు లేని జబ్బు గురించి ఇరవై ఏళ్ల ముందే చెప్పి ఏం చేయాలి? ఆ మాట విన్న మనిషికి తోడుగా నిలిచే సలహాదారులు ఆ పల్లెల్లో ఎక్కడున్నారు? పెళ్లి చేసుకోవాలా, పిల్లలను కనాలా, బతకాలా అన్న ప్రశ్నలతో ఆ మనిషిని ఒంటరిగా కొండెక్కించి పంపేయడం వైద్యం కాదని లోపేరా బృందం అనుకుంది.

చెప్పకపోయినా రాసుకున్నారు. ఏళ్ల తరబడి, వందల మంది దగ్గర, అవే పది పదాలు, అవే బొమ్మలు, అవే ఫిర్యాదులు. 2011లో ఆ రాతలన్నీ కలిపి లాన్సెట్ న్యూరాలజీ పత్రికలో ప్రచురించినప్పుడు ప్రపంచానికి ఒక క్యాలెండర్ దొరికింది. జన్యువు ఉన్న 449 మంది జీవితాలు అందులో ఉన్నాయి.

మధ్యస్థంగా 35 ఏళ్లకు పరీక్షల్లో చిన్న తగ్గుదల కనబడుతుంది, మనిషికి మాత్రం ఏమీ తెలియదు. 38కి తనకే అనుమానం మొదలవుతుంది, గుర్తుండటం లేదని చెప్పుకోవడం మొదలుపెడతారు. 44కి పరీక్షల్లో లోపం స్పష్టం, అయినా పనులు చేసుకోగలరు. 49కి డిమెన్షియా. 59కి మరణం.

ఈ వరుసలో 38 దగ్గర కాసేపు ఆగాలి. ఇంట్లోవాళ్లు గమనించకముందే, మామూలు వైద్యుడికి ఏమీ కనిపించకముందే, మనిషి తనంతట తాను "ఏదో తేడాగా ఉంది" అనుకునే ఏడు అది. ఆ ఫిర్యాదును చాలాచోట్ల నవ్వి కొట్టిపారేస్తారు. ఈ వంశంలో అది డిమెన్షియాకు పదకొండేళ్ల ముందే వచ్చే తొలి కబురు. దాన్ని కొట్టిపారేయకుండా రాసుకున్నవాళ్లుండబట్టే మనకీ సంగతి తెలిసింది.

రక్తంలో ముందే

క్యాలెండర్ అక్కడితో ఆగలేదు. మెదడులో అమైలాయిడ్‌ను చూపించే పెట్ స్కాన్ వచ్చాక, ఈ వంశం వాళ్లే ఆ యంత్రంలోనూ పడుకున్నారు. సగటున 28 ఏళ్ల వయసుకే అమైలాయిడ్ పేరుకోవడం మొదలవుతోందని 2012లో తేలింది. 2020లో రక్తపరీక్షలు ఇంకా వెనక్కి వెళ్లాయి. నాడీకణాలు దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి జారే న్యూరోఫిలమెంట్ అనే ప్రోటీన్, జన్యువు ఉన్నవాళ్లలో 22 ఏళ్ల వయసు నుంచే మిగతావారికంటే ఎక్కువగా కనిపించింది. అదే ఏడాది మరో అధ్యయనంలో పి-టౌ 217 అనే ప్రోటీన్ 25 ఏళ్ల ప్రాంతం నుంచి పెరుగుతోందని చూశారు. అంటే మొదటి పేరు మరిచిపోవడానికి ఇరవై ఏళ్ల ముందే రక్తంలో జాడ ఉంది.

ఈ పని ముందుండి నడిపిన వాళ్లలో యాకీల్ కిరోస్ ఒకరు. ఆమె కొలంబియాలో లోపేరా దగ్గర పనిచేసి, తరువాత బోస్టన్ వెళ్లి అక్కడి నుంచే ఈ కుటుంబాలను చూసుకుంటూ వచ్చిన శాస్త్రవేత్త.

పి-టౌ 217 సంగతి ఇక్కడితో ఐపోలేదు. 2025 మే నెలలో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అల్జీమర్స్ నిర్ధారణకు తోడ్పడే తొలి రక్తపరీక్షకు అనుమతి ఇచ్చింది. జ్ఞాపకశక్తి లక్షణాలతో వైద్యుల దగ్గరకు వచ్చే 55 ఏళ్లు పైబడినవారి కోసం అది. ఆ పరీక్ష కొలిచే రెండు ప్రోటీన్లలో ఒకటి ఇదే పి-టౌ 217. రేపు ఏ నగరంలోనైనా ఒక పెద్దాయన గుర్తుండటం లేదని వెళితే, ఆయన రక్తంలో ఏం వెతకాలో నేర్పినవాళ్లలో ఆంతియోకియా రైతులూ ఉన్నారు.

252 మంది

ముందే తెలిస్తే, ముందే మందు ఇస్తే? లక్షణాలు రాకముందే అమైలాయిడ్‌ను తొలగిస్తే జబ్బు ఆగుతుందా? ఆ ప్రశ్నకు జవాబు వెతకడానికి ఈ వంశం కంటే సరైన చోటు భూమ్మీద లేదు. ఎవరికి వస్తుందో తెలుసు, ఎప్పుడు వస్తుందో తెలుసు. 2013లో క్రెనెజుమాబ్ అనే మందుతో ప్రయోగం మొదలైంది. అమెరికాలోని బ్యానర్ అల్జీమర్స్ ఇన్‌స్టిట్యూట్, జెనెన్‌టెక్ సంస్థ, అమెరికా ప్రభుత్వ నిధులు ఒకవైపు. లోపేరా బృందం, కుటుంబాలు మరోవైపు.

చేరినవాళ్లు 252 మంది. వారిలో 169 మందికి జన్యువు ఉంది. కొందరికి మందు, కొందరికి ఉత్తుత్తి మందు. మిగిలిన 83 మందికి జన్యువు లేదు. వాళ్లకు ఉత్తుత్తి మందే ఇచ్చారు. ఎందుకంటే జన్యువు ఉన్నవాళ్లనే పిలిస్తే, పిలుపే తీర్పయిపోతుంది. ఎవరికేముందో ఎవరికీ తెలియకూడదంటే, జబ్బు ఎన్నటికీ రానివాళ్లు కూడా వచ్చి సూది పొడిపించుకోవాలి. వచ్చారు. ఐదు నుంచి ఎనిమిదేళ్లపాటు వస్తూనే ఉన్నారు. మందు తనకు పనిచేస్తుందన్న ఆశతో వచ్చినవాడి పక్క కుర్చీలో, తనకు ఆ జబ్బే లేదని తెలియని అన్నో చెల్లెలో కూర్చున్నారు. ఒకరి రహస్యాన్ని ఇంకొకరు తమ ఒంటితో కాపాడారు. వైద్యచరిత్రలో త్యాగాల జాబితా ఎప్పుడైనా రాస్తే ఈ 83 మందికి అందులో ఒక వరుస ఉండాలి.

2022 జూన్‌లో ఫలితం వచ్చింది. మందు తీసుకున్నవాళ్లకు, తీసుకోనివాళ్లకు గణనీయమైన తేడా లేదు.

ఆ కబురు ఒక ఇంటికి చేరిన పూట.

"పనిచేయలేదట అక్కా."

"విన్నాను."

"ఇన్నేళ్లు తిరిగాం. పని మానుకుని తిరిగాం. అంతా వృథాయేనా?"

"నీకేమో గానీ తమ్ముడూ, నేను నా కోసం వెళ్లలేదు. నీ కూతురి కోసం వెళ్లాను. దానికింకా పద్నాలుగేళ్లే. టైముంది."

పరిశోధకులు ఆ మందును పక్కనపెట్టారు. కుటుంబాలు పరిశోధనను వదల్లేదు. రక్తం ఇవ్వడం, పది పదాలు చెప్పడం, మెదళ్లు ఇవ్వడం కొనసాగింది.

లెక్కకు లొంగని మనిషి

అదే వంశంలో అలీరియా రోసా పియద్రాయిత దె వియెగాస్ అనే స్త్రీ ఉండేది. రక్తపరీక్షలో జన్యువు ఉంది. క్యాలెండర్ ప్రకారం 44కు మతిమరుపు, 49కు డిమెన్షియా రావాలి. 44 దాటింది. 49 దాటింది. 59 కూడా దాటింది. పిల్లలను పెంచింది, ఇల్లు నడిపింది, అన్నీ గుర్తుపెట్టుకుంది. స్వల్పంగా మరుపు మొదలయ్యేసరికి ఆమెకు 70 దాటాయి.

రక్తపరీక్షలో పొరపాటు జరిగిందేమో అన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. ఆమెను బోస్టన్ తీసుకెళ్లి స్కాన్ చేశారు. పొరపాటు లేదు. మెదడు నిండా అమైలాయిడ్ ఉంది. నలభైల్లోనే జబ్బుపడిన బంధువుల మెదళ్లలోకంటే ఎక్కువే ఉంది. కానీ టౌ చిక్కుముడులు చాలా తక్కువ. నిప్పు ఉంది, ఇల్లు కాలలేదు.

2019లో కారణం ప్రకటించారు. ఆమెకు తల్లి నుంచి, తండ్రి నుంచి కూడా మరో అరుదైన మార్పు వచ్చింది. అపోఈ అనే జన్యువులో క్రైస్ట్‌చర్చ్ అని పిలిచే మార్పు అది. న్యూజిలాండ్‌లోని ఆ ఊళ్లో మొదట గుర్తించారు కనుక ఆ పేరు. చంపే జన్యువు ఒకటి, కాపాడే జన్యువు రెండు కాపీలు ఒకే మనిషిలో కలిశాయి. అలా దాదాపు మూడు దశాబ్దాల ఆలస్యం.

2020 నవంబర్‌లో ఆమె 77 ఏళ్ల వయసులో క్యాన్సర్‌తో కన్నుమూసింది. అప్పటిదాకా శాస్త్ర పత్రికల్లో పేరు లేని రోగి. ఆమె పోయాక కుటుంబం ఆమె పేరును లోకానికి చెప్పడానికి ఒప్పుకుంది. మెదడును ఇచ్చింది.

తరువాత మరికొందరు బయటపడ్డారు. 2023లో అదే వంశంలో ఒక పురుషుడి సంగతి వెల్లడైంది. రీలిన్ అనే మరో జన్యువులోని మార్పు వల్ల అతను 67 దాకా నిలిచాడు. 2024లో క్రైస్ట్‌చర్చ్ మార్పు ఒకే కాపీ ఉన్న 27 మందిని గుర్తించారు. వాళ్లకూ జబ్బు వచ్చింది గానీ, మిగతావారికంటే సుమారు ఐదేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఆ మార్పు చేసే పనిని మందుతో చేయించగలమా అని ఇప్పుడు ప్రయోగశాలలు వెతుకుతున్నాయి.

డిమెన్షియా విషయంలో ఇంత ఖాయమైన జోస్యాలు అరుదు. అదే తప్పగలిగింది. ఒకరి విషయంలో తప్పినందువల్ల, అందరి విషయంలో తప్పించే దారి ఎక్కడుందో కనబడింది.

ఫ్రాన్సిస్కో లోపేరా 2024 సెప్టెంబర్ 10న మెడెలిన్‌లో కన్నుమూశారు. వయసు 73. మందు దొరకడం ఆయన చూడలేదు. శాపమని తలుపులు మూసుకున్న ఇళ్లు, పేరు చెప్పి ప్రపంచం ముందు నిలబడటం చూశారు.

మన ఇంట్లో ఎవరైనా అంటే

ఇదంతా చదివి తాళాలు ఎక్కడ పెట్టామో మరిచిన ప్రతివారూ భయపడనక్కర్లేదు. ఆంతియోకియా జన్యువు వంటివి చాలా అరుదు. అల్జీమర్స్ రోగుల్లో అత్యధికులకు ఒకే జన్యువు కారణం కాదు. వయసు, బీపీ, షుగర్, వినికిడి లోపం, గుండె ఆరోగ్యం, కొన్ని జన్యువులు కలిసి పనిచేస్తాయి.

అందుకే మామూలు మనుషుల్లో జోస్యం అంత సూటిగా ఉండదు. జ్ఞాపకం తగ్గిందని ఆసుపత్రికి వచ్చి, పరీక్షలో నిజంగానే స్వల్ప లోపం తేలినవాళ్లలో ఏటా నూటికి 10 నుంచి 15 మంది డిమెన్షియా దశకు వెళతారు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉంటారు. కొందరు మళ్లీ మామూలు స్థితికి వస్తారు. బి12 లోపం, థైరాయిడ్, నిద్రలేమి, డిప్రెషన్, కొన్ని మందుల ప్రభావం, ఇవన్నీ మతిమరుపు తెస్తాయి. వీటిలో చాలావాటిని సరిచేయవచ్చు. ముందే వెళ్లడంలో పెద్ద లాభం ఇదే. భయపడిన జబ్బు కాదని తేలవచ్చు.

భారతదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన జాతీయ అధ్యయనం అంచనా వేసింది. మన ఇళ్లలో వాళ్లను "ముసలితనం, చాదస్తం" అని వదిలేస్తున్నాం. తొలి ఫిర్యాదును వినేవాళ్లు లేకపోతే ఏ రక్తపరీక్షా వాళ్లదాకా రాదు.

జబ్బు ఆలస్యంగా రావచ్చన్న ఆశకు మన దగ్గరా ఆధారం ఉంది. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలయ్యాయి. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. భాషే కారణమని అంతటితో తేల్చలేం. కానీ మెదడు తన పోరాటం తాను చేస్తుందని, ఆ పోరాటానికి జీవితం బలం ఇవ్వగలదని ఆ అంకె చెబుతోంది.

కనుక ఇంట్లో ఎవరైనా "ఈమధ్య గుర్తుండటం లేదు" అంటే, వయసైపోయిందని తేల్చేయకండి. ఎప్పటి నుంచి, ఏ విషయాల్లో అని అడగండి. రాసుకోండి. నాడీవ్యాధుల వైద్యుడి దగ్గరకో, మెమరీ క్లినిక్‌కో వెంట వెళ్లండి. పరీక్ష చేయించే ముందు, ఫలితం ఎలా ఉన్నా తరువాత ఏం చేస్తారో వైద్యుడిని అడగండి. తెలుసుకోవాలా వద్దా అన్న నిర్ణయం ఆ మనిషిదే. దాన్ని కొడుకులూ కోడళ్లూ లాక్కోకూడదు.

ఇక ఆంతియోకియా వాళ్ల బాకీ. వాళ్లు ఇచ్చిన రక్తంతో పరీక్షలు పుట్టాయి, వాళ్లిచ్చిన మెదళ్లతో కొత్త మందులకు దారి దొరికింది. వాళ్లకు మాత్రం ఇంతవరకూ జబ్బును ఆపే మందు అందలేదు. ఆ మందు వచ్చిన రోజున దాని ధర ఆ కొండ పల్లెలకు అందని ఎత్తులో ఉండకూడదు. ముందుగా తమ భవిష్యత్తును ప్రపంచం చేతికి ఇచ్చినవాళ్లకు, ప్రపంచం ముందుగా తిరిగి ఇవ్వాలి.